వెండి నాణేన్ని తోమేముందు ఒక్కసారి ఆగండి

సూరత్‌లో వజ్రాలకు సానపట్టేవారి దగ్గర ఎప్పుడూ ఉండే పరికరం, పది రెట్లు పెద్దదిగా చూపే చిన్న భూతద్దం. పాత వెండి నాణేన్ని పరిశీలించడానికీ అదే కావాలి. తాత దాచిన స్మారక నాణేన్ని వెండి వ్యాపారికి ఇస్తే కాటాలో తూచి లోహం ధర చెబుతాడు. నాణేలు సేకరించేవారు మాత్రం దాని ఉపరితలాన్ని చూస్తారు. అందుకే పళ్లపొడితోనో చింతపండుతోనో తళతళలాడేలా తోమిన నాణేనికి చాలాసార్లు లోహం ధరే మిగులుతుంది. ఎందుకలా?

ముందు అసలుదేనా?

మహాత్మా గాంధీ శతజయంతికి 1969లో విడుదలైన పది రూపాయల నాణేన్నే తీసుకుందాం. బరువు 15 గ్రాములు, వ్యాసం 34 మిల్లీమీటర్లు, వెండి 80 శాతం. వెండి అయస్కాంతానికి అతుక్కోదు. అదే సందర్భంలో వచ్చిన నికెల్ రూపాయి మాత్రం అతుక్కుంటుంది. కాబట్టి అయస్కాంత పరీక్ష ఒక్కటే చాలదు. నాణేన్ని దారంతో కట్టి నీటిలో వేలాడదీసి తూచాలి. మిగతా 20 శాతం రాగిగా లెక్కిస్తే ఈ మిశ్రమ సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 10.1 గ్రాములు. అంటే నీటిలో బరువు దాదాపు 1.48 గ్రాములు తగ్గాలి. అంతే బరువున్న రాగి-నికెల్ నకిలీ అయితే దాదాపు 1.68 గ్రాములు తగ్గుతుంది. గ్రాములో వందో వంతు చూపే త్రాసు ఈ తేడాను పట్టేస్తుంది.

అరుగుదల ఎక్కడ మొదలవుతుంది?

చేతులు మారేకొద్దీ ముందుగా అరిగేవి ఎత్తైన భాగాలు. ఈ నాణెంపై అవి గాంధీ చెంప ఎముక, చెవి అంచు, రెండోవైపు మధ్య సింహం ఛాతీ. అయితే అచ్చు గట్టిగా పడకపోయినా అక్కడ చదునుగానే కనిపిస్తుంది. ఈ రెంటి తేడా చెప్పేది మెరుపు. అచ్చు నొక్కినప్పుడు లోహం మధ్య నుంచి అంచు వైపు పారి, కంటికి కనిపించనంత సన్నని గీతలు ఏర్పడతాయి. దీపం కింద నాణేన్ని వంచి తిప్పితే ఆ గీతల వల్ల కాంతి బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. అరిగిన చోట ఆ కాంతి తెగిపోయి బూడిదరంగు మచ్చ కనిపిస్తుంది.

నాణేల స్థితికి అంకెలిచ్చే పద్ధతిని అమెరికాకు చెందిన విలియం షెల్డన్ 1949లో ప్రతిపాదించారు. పాత రాగి సెంట్ల కోసం పుట్టిన ఆ 1 నుంచి 70 వరకు ఉండే కొలమానమే నేడు విస్తృతంగా వాడుకలో ఉంది. 60, ఆపైన అంటే చలామణిలో అరగని నాణెం. టంకశాల సంచుల్లో ఒకదానికొకటి తగిలి పడిన గాట్లు దానిపై ఉండవచ్చు.

నలుపు మురికి కాదు

గాలిలోని హైడ్రోజన్ సల్ఫైడ్‌తో వెండి చర్య జరిపితే సిల్వర్ సల్ఫైడ్ పొర ఏర్పడుతుంది. పలుచగా ఉన్నప్పుడు, సబ్బు బుడగ మీద లాగే, కాంతి తరంగాల వ్యతికరణం వల్ల పసుపు, ఊదా, నీలం రంగులు కనిపిస్తాయి. మందమైతే నల్లబడుతుంది. ఈ పొరలో ఉన్నది ఒకప్పటి నాణెం వెండే. తోమితే దాంతోపాటు ఆ సన్నని గీతలూ పోతాయి, కొత్త గీరలు పడతాయి. పోయిన మెరుపు తిరిగి రాదు.

సూరత్ రూపాయి చెప్పే పాఠం

మొఘలుల కాలంలో సూరత్ టంకశాలలో రూపాయలను సుత్తితో కొట్టి ముద్రించేవారు. అచ్చు బిళ్ల కంటే పెద్దది కావడంతో అంచున అక్షరాలు తెగిపోవడం మామూలే. అది అరుగుదల కాదు. వెండి నాణ్యతను పరీక్షించిన షరాబులు వేసిన చిన్న గుర్తులు మాత్రం తర్వాత పడినవి. అవి నాణెం స్థాయిని తగ్గిస్తాయి, కానీ అది ఎన్ని చేతులు మారిందో చెబుతాయి.

కాబట్టి నాణేన్ని అంచుతోనే పట్టుకోండి. పీవీసీ కవర్లలో, రబ్బరు పక్కన పెట్టవద్దు. తేమ తగలకుండా దాచండి. అమ్మాలనుకుంటే తోమకుండా, ఉన్నది ఉన్నట్టుగా చూపించండి.