పలక ఫోటో వుంది... అమ్మ ఫోటో ఏదీ?

బాసరలో అక్షరాభ్యాసం చేయించిన ఏ యింటికైనా వెళ్ళి ఆల్బం అడిగి చూడండి. నాన్న ఒళ్ళో కూచుని, పలక పట్టుకుని, బిక్కమొహం వేసిన బుడతడి ఫోటో తప్పకుండా వుంటుంది! అదే బుడతడు కడుపులో వున్నప్పటి అమ్మ ఫోటో మాత్రం చాలా ఆల్బముల్లో కనిపించదు. 'దిష్టి తగులుతుంది' అని పెద్దవాళ్ళు తీయనిచ్చేవారు కాదు. ఇప్పుడు కాలం మారింది. శ్రీమంతం అనగానే కెమెరా వస్తోంది. కానీ ఆ ఫోటోలో అమ్మ హాయిగా వుంటోందా?

మొన్నామధ్య బాసర గోదావరి మెట్ల దగ్గర ఓ దృశ్యం చూశాను. సమయం మిట్టమధ్యాహ్నం. పట్టుచీరలో ఎనిమిదో నెల అమ్మాయి. కుర్ర ఫోటోగ్రాఫరు ఆమెను వెనక్కి వంచి, హీరోయిన్‌లా ఆకాశం వైపు చూడమంటున్నాడు.

"అన్నా, కండ్లు మండుతున్నయి. నడుము గుంజుతుంది" అంది అమ్మాయి.

"ఒక్కటే ఫోటో చెల్లె, జర ఓర్చుకో!"

ఆ ఒక్కటీ పది అయ్యాయి. అమ్మాయి తూలి, భర్త భుజం పట్టుకుంది. అప్పుడు అత్తగారు కల్పించుకుంది: "ఫోటో సల్లగుండ! పిల్లను నీడల కూసోవెట్టు బిడ్డా!"

ఫోటోగ్రఫీ పుస్తకాలు నాలుగు పేజీల్లో చెప్పే పాఠాన్ని ఆమె ఒక్క మాటలో చెప్పేసింది.

వెన్నెల రహస్యం

నడినెత్తిన సూర్యుడుంటే కళ్ళు గుంటల్లా నల్లబడతాయి, ముక్కు కింద నీడ మీసంలా దిగుతుంది. పోనీ కెమెరా మీది ఫ్లాష్ వెలిగిద్దామా? వెలుగు ఎదురుగా వచ్చి పడి ముఖం, కడుపు అన్నీ అప్పడంలా చదునైపోతాయి.

'మాయాబజార్' (1957)లో మార్కస్ బార్ట్లే కురిపించిన వెన్నెల గుర్తుందా? మనసుకు హత్తుకునే వెలుగు మెత్తగా వుండాలి. మెత్తని వెలుగుకు సూత్రం ఒక్కటే... వెలుగొచ్చే చోటు మనిషికి దగ్గరగా, పెద్దదిగా వుండాలి. పెద్ద కిటికీ, తెరిచిన తలుపు, వరండా అంచు యిందుకు చాలు. ఎండ నేరుగా పడుతుంటే అడ్డంగా పల్చని తెల్ల పంచె కట్టండి.

అమ్మను కిటికీ వైపు ముఖం పెట్టి, కెమెరాకు పక్కగా నిలబెట్టండి. ముఖం మీద, కడుపు ముందు భాగం మీద వెలుగు పడుతుంది. కెమెరా వైపు మెల్లగా నీడ దిగుతుంది. ఆ వెలుగునీడల సరిహద్దే కడుపు గుండ్రదనాన్ని గీసి చూపిస్తుంది! నీడ మరీ చిక్కగా వుంటే కెమెరా పక్కన యింకో తెల్ల పంచె పట్టుకుంటే సరి. ఆరుబయటే కావాలంటే సూర్యోదయం తర్వాత ఓ గంట, అస్తమయానికి ముందు ఓ గంట మంచివి.

నిలబడే తీరు

బరువంతా కెమెరాకు దూరంగా వున్న కాలిమీద వేయాలి. దగ్గరి మోకాలు కాస్త వంచాలి. ఒక చెయ్యి కడుపు పైన, ఒకటి కింద... నొక్కకుండా, వదులుగా. వెనక్కి వంగడం వద్దు, అసలే నడుము మీద భారం! సెల్‌ఫోన్ దగ్గరగా పెట్టి తీస్తే కడుపు కొండంత, ముఖం కుంకుడుగింజంత వస్తాయి. రెండడుగులు వెనక్కి వెళ్ళి, జూమ్ చేసి, కెమెరాను ఛాతీ ఎత్తులో వుంచండి.

నెలలు నిండుతున్న తల్లిని వెల్లకిలా ఎక్కువసేపు పడుకోబెట్టకూడదు. కడుపు బరువు వెనకున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కి కళ్ళు తిరగవచ్చు. పడుకునే ఫోటో కావాలంటే ఎడమవైపు ఒత్తిగిలమనండి. తడిసిన మెట్ల మీద అసలే వద్దు. కుర్చీ, మంచినీళ్ళు పక్కనే వుండాలి. డాక్టరు విశ్రాంతి తీసుకోమంటే ఫోటో మాట మానేయాల్సిందే.

తెర మీది తల్లులు

'లవకుశ' (1963)లో అంజలీదేవి, 'ముత్యాల ముగ్గు' (1975)లో సంగీత... యిద్దరూ కడుపుతో వుండగా యిల్లు వీడిన తల్లుల పాత్రలు పోషించారు. తలచుకుంటే ముందు గుర్తొచ్చేది వాళ్ళ ముఖాలే కదూ? 'ముత్యాల ముగ్గు' ఛాయాగ్రహణానికి ఇషాన్ ఆర్యకు జాతీయ అవార్డు వచ్చింది కూడా. పొట్ట ఒక్కటే కనిపించి మనిషి కనిపించకపోతే అది తల్లి ఫోటో కాదు.

1991 ఆగస్టులో అమెరికా పత్రిక 'వానిటీ ఫెయిర్' ముఖచిత్రంగా నిండు గర్భిణి డెమీ మూర్ ఫోటో వేసింది. తీసింది అనీ లీబొవిట్జ్. దుస్తులు లేని ఆ ఫోటో మీద పెద్ద దుమారమే రేగింది! డెమీ మూర్ ఒప్పుకునే దిగింది. మన అమ్మాయికీ ఆ హక్కుంది. పట్టుచీరా, నేతచీరా, అసలు ఫోటో వద్దా అన్నది ఆమె యిష్టం. ఫోన్ స్టేటస్‌లో పెట్టేముందు కూడా ఆమెనే అడగాలి.

ఇంతకీ బాసర అమ్మాయి ఏమైందంటారా? వాళ్ళు దిగిన గదికి తీసుకెళ్ళి, తలుపు పక్కన కుర్చీలో కూచోబెట్టారు. నీళ్ళు తాగి, తేరుకుంది. అత్తగారు చెవిలో ఏదో చెప్పింది. అమ్మాయి కడుపు మీద చెయ్యేసుకుని ఫక్కున నవ్వింది. తలుపులోంచి వచ్చిన వెలుగు ఆ నవ్వు మీద పడింది. క్లిక్!

ఎండలో తీసిన పదీ కుర్రాడు తనే చెరిపేశాడు.

రేపు ఆ బిడ్డ పలకతో బాసర వస్తే, ఆ తల్లి యీ ఫోటో చూపిస్తుంది. "గప్పుడే ఒకసారి వచ్చినవ్ బిడ్డా, నా కడుపుల కూసోని!" అంటుంది.