వేడుకకు వేసిన కట్ట

ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయిన నాటినుండి కాలువ, గట్టు, తూము అను మాటలు గోదావరి మండలవాసులకు ఇంటిమాటలైనవి. పంటకొరకు గాక, పడవ విహారమునకో, చేపల వేటకో, సొంత భూమిలో వాగునకు అడ్డముగా చిన్న మట్టికట్ట వేయించుకొన ముచ్చటపడువారును ఉందురు. ముచ్చట మంచిదే. కాని కట్ట సొంతమైనంతమాత్రమున దిగువనున్న ఊరు సొంతము కాదు.

మట్టికట్టకు బలము దాని బరువు, వెడల్పు. ప్రక్కనుండి నెట్టు నీటిని అది ఓర్చుకొనును. పైనుండి పొర్లు నీటిని ఓర్చుకొనలేదు. పొర్లిన నీరు వెనుకవాలు మట్టిని కోయుచు దిగును. చిన్న కోతయే చూచుచుండగా గండియగును. అందుకే మన పెద్దలు చెరువునకు కట్టకంటె తక్కువ ఎత్తున కళింగ నుంచిరి. దీనినే కొన్ని సీమలలో అలుగు, మత్తడి అందురు. తూము పైరును కాచును. కళింగ కట్టను కాచును.

ఈ సూత్రమును మరచినచో ఏమగునో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రము చూచినది. అచ్చటి సౌత్ ఫోర్క్ కట్ట మన ఆనకట్టకు ఈడుదే; పడవల కాలువకు నీరిచ్చుటకై కట్టబడి 1853లో ముగిసినది. ఎత్తు 72 అడుగులు. తరువాత అది పిట్స్‌బర్గు ధనికుల విహారసంఘము చేతికి వచ్చినది. ఆండ్రూ కార్నెగీ అందొక సభ్యుడు. అడుగున నీరు వదలు ఇనుపగొట్టములను అంతకు ముందే తీసి అమ్మివేసిరి. సంఘమువారు మరల అమర్చలేదు. బండ్ల రాకపోకలకై కట్ట తలను తగ్గించిరి. చేపలు జారిపోకుండ కళింగకు కంచె బిగించిరి. 1889 మే 31న కుండపోతవానకు కొట్టుకొనివచ్చిన చెత్త ఆ కంచెకు అడ్డుపడినది. నీరు కట్టపై పొర్లినది. కట్ట తెగి, 14 మైళ్ల దిగువనున్న జాన్స్‌టౌన్‌తో సహా ఆ లోయలో 2,209 మంది మరణించిరి. న్యాయస్థానమున సంఘముపై బాధ్యత నిలువలేదు.

మన చెంతనే, 2024 జూలై 18న, అశ్వారావుపేట మండలమున గుమ్మడవల్లి వద్ద పెద్దవాగు ప్రాజెక్టు మట్టికట్టకు గండిపడి, దిగువన వేలేరుపాడు, కుక్కునూరు మండలముల పల్లెలు నీట మునిగినవి. అది ప్రభుత్వ సాగునీటి ప్రాజెక్టు. అయినను వరదకు సొంతదారుల భేదము లేదు.

2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టము 15 మీటర్లు మించిన కట్టలకును, 10 మీటర్లు మించినవానిలో కొన్నింటికిని వర్తించును. అంతకు చిన్నవానికి యజమాని కన్నే కాపలా. కనుక తొలకరికి ముందే కళింగలోని తుప్పలు, వలలు తీసివేయవలెను. కట్టపై చెట్లు పెరుగనీయరాదు. ఎలుక బొరియలు పూడ్పింపవలెను. వెనుకవాలున తేటనీరు ఊరినచో కనిపెట్టియుండవలెను. బురదనీరు వచ్చినచో లోపలి మట్టి కొట్టుకొనిపోవుచున్నదని యెరిగి, ముందు దిగువవారికి కబురంపి, వెంటనే ఇంజనీరును పిలిపించి నీటిమట్టము తగ్గింపవలెను. చేపలు పోయిన మరల తెచ్చుకొనవచ్చును.