రేకుల కొట్టంలో చల్లని కాపురం
పొలం మధ్య షెడ్డులా కనిపించే ఆస్ట్రేలియా ఇల్లు ఏసీ లేకుండానే నడుస్తోంది. ఫామ్‌హౌస్ కలలు కనేవారు దాన్నుంచి ఏం తీసుకోవచ్చు?

దూరం నుంచి చూస్తే అది గడ్డీ గాదం దాచుకునే కొట్టమే. పచ్చిక బయలులో పక్కపక్కనే రెండు పొడవాటి షెడ్లు, పైన జింకు రేకులు. మన ఊళ్లో అయితే ఎవరూ రెండోసారి తల తిప్పరు. కానీ న్యూసౌత్ వేల్స్‌లోని కెంప్సీ దగ్గర 1975లో పూర్తయిన ఈ మేరీ షార్ట్ హౌస్ ఆర్కిటెక్చర్ విద్యార్థులకు ఓ పాఠం. గీసింది గ్లెన్ మర్‌కట్. పెద్ద ఆఫీసు, సహాయకుల దండు లేకుండా ఒంటరిగా పనిచేస్తూ వచ్చిన ఆయనకు 2002లో ప్రిట్జ్‌కర్ బహుమతి దక్కింది. 2018లో మన బాలకృష్ణ దోషి అందుకున్నదీ అదే బహుమతి.

రేకుల ఇల్లంటే మనకు నిప్పుల కొలిమి. ఒంటి రేకు ఎండకు కాగి ఆ సెగను సూటిగా నెత్తిన కుమ్మరిస్తుంది మరి. మర్‌కట్ చేసిందల్లా ఆ వేడికి దారి చూపడమే. పైకి చేరిన వేడిగాలి ఇంటి కొప్పు దగ్గర బయటికి పోతుంది. గోడల స్థానంలో చాలాచోట్ల తెరిచి మూసుకునే లూవర్లు, వాటికి దోమల జాలీ. గాలి ఎంత కావాలో, వెలుగు ఎంత కావాలో ఇంట్లోవాళ్లే పలకలు తిప్పి తేల్చుకుంటారు. నేలకు దాదాపు 80 సెంటీమీటర్ల ఎత్తున నిలబెట్టడంతో వరద నీరు, పాములు కిందినుంచే పోతాయి. మనకు దక్షిణం ఎలాగో అక్కడ ఉత్తరం అలా. చలికాలపు ఎండ అటునుంచే వస్తుంది కాబట్టి ఇల్లు అటే చూస్తుంది.

కలప దగ్గరి కోత మిల్లు నుంచి సేకరించినది. విప్పి మళ్లీ బిగించేలా కట్టారు. ఇది ఉత్తమాట కాదని తర్వాత తేలింది. 1980లో మర్‌కట్టే ఆ ఇల్లు కొనుక్కుని, చివరి వరండాలను విప్పి ఇంటిని పొడిగించి, తిరిగి అమర్చారు. 1992లో అక్కడి పాత షెడ్డును అతిథి గృహంగా మార్చారు.

ఇక మన సంగతి. హైదరాబాద్ శివార్లలో ఇలాంటి రూపమే కావాలని అడిగేవారు ఉంటారు. వాలు కప్పు, పెద్ద అద్దాలు, లోపల నాలుగు ఏసీలు. అది షెడ్డు వేషం వేసిన ఫ్లాటు. అసలు చిక్కు వాతావరణంలో ఉంది. తెలంగాణ, రాయలసీమల్లో మే మధ్యాహ్నం లూవర్లు తెరిస్తే లోపలికొచ్చేది వడగాడ్పు. అక్కడ పగటి వేడిని ఆపేది మందపాటి మట్టి గోడలే. రాయలసీమ మిద్దెలు కట్టినవారికి ఇది ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. ఉక్కపోత ఎక్కువైన కోస్తాలో లూవర్లు బాగా పనికొస్తాయి, కానీ అక్కడ తుపాన్లు. 2014లో హుద్‌హుద్ విశాఖను తాకినప్పుడు రేకులు కాగితాల్లా లేచిపోయాయి. కప్పును దూలాలకు, దూలాలను స్తంభాలకు, స్తంభాలను పునాదికి గట్టిగా బిగించకుండా అక్కడ రేకు వేయడం దుస్సాహసం.

ప్లాను గీయించకముందే ఓ మే నెల మధ్యాహ్నం ఆ స్థలంలో గొడుగు వేసుకుని కూర్చోండి. గాలి ఎటునుంచి వీస్తోందో, వానాకాలం నీళ్లు ఎంతవరకు వస్తాయో పక్క పొలం రైతును అడగండి. ఆ మాటలు పట్టుకెళితే ఆర్కిటెక్టుకు సగం పని తప్పుతుంది.