ఆమె పాటకు వెల కట్టిందెవరు?

రేపల్లెలో ఒక పెళ్లి. ఉదయం మందిరంలో వధూవరులను నేనే ప్రార్థించి జతపరిచాను. సాయంత్రం షామియానా కింద డీజే పెట్టారు. సండేస్కూల్లో కంఠత వాక్యాలు చక్కగా అప్పజెప్పే తొమ్మిదేళ్ల పాప ఐటెం సాంగ్‌కు సినిమాలోని స్టెప్పులే వేసింది. పెద్దలు ఈలలు వేశారు. ఒకాయన పది రూపాయల నోట్లు దిష్టి తిప్పి విసిరాడు. నేను భోజనం చేసి, ఆశీర్వదించి వచ్చేశాను. ఒక్క మాటా అనలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టక అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం తెరిచాను. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసి ఒకతె ఉండేది. ఆమె నోటి మాటే యజమానులకు రాబడి. పౌలు ఆమెను విడిపించగానే వారు సంతోషించలేదు. లాభం పోయిందని పౌలును, సీలను అధికారుల దగ్గరకు ఈడ్చుకుపోయారు. ఆ చిన్నదాని పేరు మాత్రం మనకు తెలియదు.

మన ప్రాంతానికి ఈ కథ కొత్తేమీ కాదు. తెనాలి బిడ్డ కాంచనమాల 1938లో 'మాలపిల్ల'తో ఆంధ్రదేశమంతటా పేరు పొందింది. అంటరానితనాన్ని ప్రశ్నించిన చిత్రం అది. తన పాటలు తానే పాడుకునేది. జనం మాత్రం ఆమె రూపాన్ని క్యాలెండర్లలో కొనుక్కున్నారు. 1942లో 'బాలనాగమ్మ' వచ్చాక, ఒప్పందం దగ్గర నిర్మాతతో తగాదా వచ్చి తెరకు దూరమైంది. మనసు చెదిరి చాలా ఏళ్లు బాధపడి 1981లో కన్నుమూసింది.

ఇప్పుడు పాట సినిమాకన్నా ముందే ఫోన్లోకి వస్తోంది, ఎంతమంది చూశారన్నదే లెక్క. 2025 మార్చిలో తెలంగాణ మహిళా కమిషన్ సినిమా పాటల్లోని అసభ్య నృత్యాలపై హెచ్చరిక చేసింది. మంచిదే. అయితే కొందరు సోదరులు ఆడిన నటినే దూషిస్తారు. నాకది సమ్మతం కాదు. పౌలు గద్దించింది దాసిని కాదు, ఆమెను పట్టిన ఆత్మను.

ప్రియులారా, సంఘమేమైనా తక్కువ తిన్నదా? బాపట్లలో ఒక యౌవనస్థుడు తాను తీసిన క్రైస్తవ పాట వీడియో చూపించాడు. పాడింది క్వయర్‌లోని నడివయసు సోదరి. తెరమీద ముఖం వేరొక అమ్మాయిది. "ఇలాగైతేనే నొక్కుతారండి, అయ్యగారూ" అన్నాడు.

మొన్న ఆ పాప ఇంటికి వెళ్లాను. "నా డాన్స్ బాగుందా అయ్యగారూ?" అని అడిగింది. మిర్యాము తంబుర పట్టి నాట్యమాడిన సంగతి (నిర్గమ 15:20) చెప్పాను. ఆ తర్వాత వాళ్ల నాన్నతో, సంఘపెద్దలతో కూర్చున్నాను. ఇకపై మన పెళ్లిళ్లలో డీజేకు పాటల జాబితా ముందే ఇద్దామన్నాను. ఇద్దరు పెద్దలు ఇంకా ఒప్పుకోలేదు. వచ్చే వారం మళ్లీ కూర్చుంటాం.