ముందు చక్రముల బేరింగులు

మేడ్చలు, శామీర్‌పేటల నడుమ గల గ్రామములలో నాలుగు చక్రములకును చోదనశక్తి గల పాత జీపులును, చిన్న ట్రక్కులును నేటికిని కానవచ్చుచుండును. ఒకవైపున నాగపూరునకు పోవు 44వ జాతీయ రహదారి, వేరొకవైపున కరీంనగరమునకు పోవు రాజీవ్ రహదారి, నడుమ ఔటర్ రింగు రోడ్డు ఈ ప్రాంతమును నగరముతో కలిపినవి. కాని రహదారి దిగినంతనే చల్క నేలలు, గుండ్రాళ్ళు, చెఱువు కట్టలు, వానకాలమున పారు అలుగులు ఎదురగును. ద్రాక్షతోటలకును, కోళ్ళఫారములకును పోవు త్రోవలలో పాతబండియే అక్కరకు వచ్చును. అందులో గంపలును బస్తాలునే గాక, పనికి పోవు కూలీలును ఎక్కుచుందురు. కావున ముందు చక్రము తన చోట నిలుచుట బండి యజమాని సొంత లాభనష్టముల విషయము మాత్రమే కాదు.

మన దేశమున మహీంద్ర సంస్థవారు 1947లో విల్లీస్ జీపులను కూర్చుట ప్రారంభించిరి. ఆ వంశమునకు చెందిన పాతబండ్లలో ముందు ఇరుసు ఏర్పాటు చాలవఱకు ఒకే తీరున నుండును. చక్రమును త్రిప్పు షాఫ్టు, బోలుగా నుండు స్పిండిలు లోపలినుండి వచ్చి, చివర ఒక ఫ్లాంజి ద్వారా హబ్బును పట్టుకొనును. ఆ స్పిండిలు వెలుపలి మీద రెండు బేరింగులుండును: ఒకటి లోపలివైపున, ఒకటి బయటివైపున. త్రిప్పునది షాఫ్టు, బరువు మోయునది బేరింగు. ఈ భేదము గ్రహించినచో పనిలో సగము గ్రహించినట్లే.

ఎడ్లబండి ఇరుసునకు కందెన పెట్టుట మన పెద్దలెఱిగిన పనియే. అచ్చట చక్రము ఇరుసును రాచుకొనుచు తిరుగును. బేరింగులో రాపిడికి బదులు దొర్లుట జరుగును. హెన్రీ టిమ్కెన్ అను అమెరికా దేశపు బండ్ల నిర్మాత 1898లో ఒక కొన సన్నగిల్లిన రోలరులు గల బేరింగునకు పేటెంటు పొందెను. రోలరులు ఏటవాలుగా నుండుటచే, పైనుండి పడు బరువును, మలుపులో ప్రక్కనుండి వచ్చు త్రోపును అవి రెంటిని భరించును. ఇట్టి బేరింగులో రెండు భాగములు కలవు. రోలరులతో కూడిన లోపలి భాగమును కోను అనియు, హబ్బులో బిగిసి కూర్చుండు వెలుపలి వలయమును కప్పు అనియు మెకానిక్కులు వ్యవహరింతురు.

ఇట్టి గట్టి వస్తువు చెడుటకు ముఖ్యశత్రువులు మూడు: నీరు, ఇసుక, తప్పు బిగింపు. చాలదూరము నడిచిన బండి హబ్బు వేడెక్కి యుండును. దానిని వెంటనే అలుగు నీటిలో దింపినచో లోపలి గాలి చల్లబడి సంకోచించి, ఆయిలు సీలు అంచునుండి నీటిని లోనికి లాగుకొనును. నీరు చేరిన గ్రీజు పాలవలె తెల్లబడి తన జిగిని కోల్పోవును. అటుపై త్రుప్పు పట్టును. రోలరుల మీదను కప్పు మీదను చిన్న గుంటలు పడును. నీటిలో నడచిన బండికి గ్రీజు పరీక్ష తప్పదనుటకు కారణమిదియే.

రోగము కనుగొను విధము సులభము. వెనుక చక్రములకు అడ్డుదిమ్మెలు పెట్టి, ముందు చక్రమును నేలనుండి లేపి, ఇరుసు క్రింద గట్టి స్టాండు నిలుపవలెను. జాకీ ఒక్కదానినే నమ్మి బండి క్రిందికి పోరాదు. చక్రమును మీదను క్రిందను పట్టుకొని ఊపినచో కదలిక తెలియును. అయితే ఆ కదలిక కింగుపిన్నుల అరుగుదలచేతను కలుగవచ్చును. అప్పుడు వేరొకరిని బ్రేకు త్రొక్కుమని కోరి మరల ఊపవలెను. కదలిక పోయినచో దోషము చక్రపు బేరింగులోనిది. పోనిచో కింగుపిన్నులను చూడవలెను. చక్రమును చేతితో త్రిప్పునప్పుడు గరగర వినిపించుటయు, కొంతదూరము నడిపిన పిమ్మట ఒక హబ్బు రెండవదానికంటె మిక్కిలి వేడిగా నుండుటయు తక్కిన గుర్తులు.

ఇక విప్పు క్రమము. చక్రమును తీసి, హబ్బు మూతను తొలగించి, షాఫ్టు చివరనున్న స్ప్రింగు వలయమును తీయవలెను. తరువాత ఫ్లాంజి బోల్టులు విప్పి ఫ్లాంజిని లాగవలెను. లోపల వెలుపలి నట్టు, మడతపెట్టిన తాళపు వాషరు, దాని వెనుక సర్దుబాటు నట్టు కానవచ్చును. వాషరు మడతను సరిచేసి, తగిన గొట్టపుపానాతో నట్టులు విప్పవలెను. ఉలిపెట్టి సుత్తితో కొట్టి విప్పుట పెక్కుచోట్ల కనిపించు దురభ్యాసము. దానిచే నట్టు అంచులును, స్పిండిలు మరలును చెడును. డ్రమ్ము రాకున్నచో బ్రేకు షూలను కొంత వదులు చేయవలెను. పాత బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును గావున ఆ ధూళిని ఊదరాదు, తడిగుడ్డతో తుడువవలెను.

హబ్బు బయటికి వచ్చిన పిమ్మట సీలును ఊడదీసి, బేరింగులను కిరసనాయిలులో కడిగి, వెలుతురులో పరీక్షింపవలెను. ఎండిన బేరింగును గాలిగొట్టముతో గిరగిర త్రిప్పుట వినోదముగా తోచును గాని, రోలరులు ఎగిరి కన్నులకు హాని చేయగలవు. గుంటలు, నీలిరంగు మచ్చలు ఉన్నచో బేరింగు మార్చవలసినదే. అప్పుడు కోను ఒక్కటి మార్చి పాత కప్పును ఉంచుట పొదుపు కాదు. అరిగిన కప్పు క్రొత్త రోలరులను కొలదికాలములోనే పాడుచేయును. పాత కప్పును మెత్తని ఇత్తడి కడ్డీతో చుట్టును కొంచెము కొంచెముగా కొట్టి తీయవలెను. క్రొత్తదానిని వంకర లేకుండ అడుగంటువఱకు దింపవలెను. అడుగంటినప్పుడు సుత్తి చప్పుడు మారును.

గ్రీజు పైపైన పూసినచో చాలదు. అరచేతిలో గ్రీజు ఉంచుకొని, కోను వెడల్పు అంచును దానిలో అదుముచు, రోలరుల నడుమనుండి అవతలివైపు గ్రీజు పైకి వచ్చువఱకు నింపవలెను. చక్రపు బేరింగులకు తగిన గ్రీజునే వాడవలెను. రెండు జాతుల గ్రీజును కలుపరాదు. సీలును ప్రతిసారియు క్రొత్తది వేయవలెను.

చివరిది బిగింపు, పని అంతయు దీనిపైననే ఆధారపడి యున్నది. హబ్బును త్రిప్పుచు, కొంచెము పట్టు తగులువఱకు సర్దుబాటు నట్టును బిగింపవలెను. పిమ్మట సుమారు 6వ వంతు చుట్టు వెనుకకు విప్పవలెనని పాత విల్లీస్ బండ్ల పద్ధతి. తక్కిన బండ్లకు వాని పుస్తకములోని కొలతయే ప్రమాణము. తాళపు వాషరు పెట్టి, వెలుపలి నట్టు బిగించిన తరువాత మరల ఊపి చూడవలెను. ఆ నట్టు బిగింపుచే సర్దుబాటు మారుట కద్దు. చక్రము స్వేచ్ఛగా తిరుగవలెను, ఊగరాదు. "గట్టిగా బిగిస్తే భయం లేదు" అనుమాట ఇచ్చట చెల్లదు. అతిగా బిగించిన బేరింగు వేడెక్కి, గ్రీజు కరగి, పట్టుకొనిపోవును. వదులైనది ఊగి ఊగి స్పిండిలునే అరుగదీయును.

విడిభాగములకు ఈ ప్రాంతమువారు తఱచుగా సికింద్రాబాదు రాణీగంజి అంగళ్ళకు పోవుదురు. పోవునప్పుడు పాత బేరింగును వెంట తీసికొనిపోయి, దానిపై చెక్కిన అంకెలను క్రొత్తదానితో సరిచూచుకొనవలెను. పేరుగల సంస్థల పెట్టెలను అనుకరించు నకిలీ బేరింగులు బజారులో లేకపోలేదు. అచ్చు మసకగా నున్నను, వెల మిక్కిలి తక్కువగా నున్నను అనుమానింపవలెను. రసీదు అడుగుట మఱువరాదు.

పని ముగిసిన పిమ్మట కొలది దూరము మెల్లగా నడిపి, రెండు హబ్బులను జాగ్రత్తగా తాకి చూడవలెను. కొన్ని దినముల తరువాత చక్రమును లేపి మరియొకసారి ఊపి చూచుట మేలు. వానకాలము ముగియగనే ఏటేట ఈ పరీక్ష జరుపు ఆచారము పెట్టుకొనినచో, కోతల దినములలో బండి నడిత్రోవలో నిలిచిపోదు. పాతబండి ఎంతకాలము నడచుననుట దాని వయస్సుకంటె దానికి జరుగు సంరక్షణమును బట్టి యుండును. ఆ బండి నెక్కువారి క్షేమమును దానినిబట్టియే యుండును.