కాలం కాని కాలంలో పండుగ

పండుగకు తేదీ ఉంటుంది, ఆ తేదీకి కారణమూ ఉంటుంది. సూర్యుడు మకరరాశిలో అడుగుపెట్టే రోజు సంక్రాంతి, చైత్ర శుద్ధ పాడ్యమి ఉగాది, డిసెంబరు 25 క్రిస్మస్. ఇంటిల్లిపాదీ ఒక ఊళ్ళోనే ఉన్నంతకాలం ఈ తేదీలతో ఎవరికీ పేచీ లేదు. కొడుకు హ్యూస్టన్‌లో, కూతురు దోహాలో, మనవడు ఏదో ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఉంటే మాత్రం పండుగ రోజున మనుషులుండరు, మనుషులంతా దొరికిన రోజున పండుగ ఉండదు. అలాంటి కుటుంబాలు అందరికీ సెలవులు కుదిరిన జూన్‌లోనో జులైలోనో సంక్రాంతి చేసుకుంటున్నాయి. ఇదేం చోద్యమని ముక్కున వేలేసుకునే పెద్దలు ఉన్నారు. అయితే పండుగను మరో రోజుకు జరుపుకోవడం ఈ కాలం వాళ్ళు కనిపెట్టిన పద్ధతేమీ కాదు.

యూదుల పస్కా పండుగకు ధర్మశాస్త్రమే ఈ వెసులుబాటు ఇచ్చింది. పస్కాను మొదటి నెల 14వ తేదీ సాయంత్రం ఆచరించాలి. శవాన్ని ముట్టి మైలపడినవారు, దూరప్రయాణంలో ఉన్నవారు ఆనాడు చేసుకోలేకపోతే సరిగ్గా నెల తర్వాత, రెండో నెల 14న చేసుకోవచ్చని బైబిలులో సంఖ్యాకాండము తొమ్మిదో అధ్యాయం చెబుతుంది. పులియని రొట్టెలు, చేదు కూరలు, మిగతా విధులన్నీ యథాతథం. ఏ అడ్డంకీ లేకుండా మానేసినవాడికి మాత్రం మినహాయింపు లేదు. హిజ్కియా రాజు కాలంలో ఒక ఏడాది రాజ్యమంతటికీ పస్కా రెండో నెలకే జరిగింది. దినవృత్తాంతములు రెండో గ్రంథం దానికి రెండు కారణాలు చెబుతుంది: యాజకులు చాలినంతమంది శుద్ధి చేసుకోలేదు, జనం యెరూషలేములో కూడలేదు. జనం కూడకపోవడం పండుగను ఆపి ఉంచడానికి తగిన కారణమేనని అంత పాతకాలంలోనే ఒప్పుకున్నారన్నమాట.

తెలుగువారి ఆచారంలోనూ ఇలాంటి పట్టువిడుపులు కనిపిస్తాయి. వరలక్ష్మీ వ్రతం శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం చేసుకోవాలి. ఇంట్లో మైలో మరో ఇబ్బందో వస్తే అదే మాసంలో ఇంకో శుక్రవారం చేసుకుంటారు. చనిపోయిన తిథి తెలియని పితరులకు మహాలయ అమావాస్య ఉండనే ఉంది. సత్యనారాయణ వ్రతానికైతే అందరూ కలిసే రోజు చూసుకుని పీట వేయడమే. మరోవైపు అసలు కదలనివీ ఉన్నాయి. గ్రహణస్నానాన్ని ఆదివారానికి జరపలేం. ఏకాదశి ఉపవాసం ద్వాదశినాడు చేస్తే అది ఏకాదశి కాదు. సంక్రమణ పుణ్యకాలంలో వదిలే తర్పణమూ అంతే.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. సంక్రాంతి అనే ఒకే పండుగలో సూర్యుడికి కట్టుబడినవి కొన్ని, చుట్టాలకు కట్టుబడినవి కొన్ని కలిసి ఉన్నాయి. తర్పణం సూర్యుడి లెక్క. కొత్త అల్లుణ్ణి పిలవడం, ఆడపడుచుకు చీర పెట్టడం, పిల్లలకు దిష్టి తీయడం, పంక్తిలో కూర్చోబెట్టి వడ్డించడం మనుషుల లెక్క. మొదటి రకాన్ని ఎవరి ఇంట్లో వాళ్ళు తేదీ ప్రకారం చేసుకుని, రెండో రకాన్ని వీలైన రోజుకు జరుపుకుంటే ఆచారానికి వచ్చే లోటేమీ లేదు.

కొన్ని పండుగలైతే పుట్టుకతోనే ఈ సౌలభ్యంతో వచ్చాయి. హైదరాబాద్ బోనాలు ఆషాఢమాసమంతా విస్తరించి ఉంటాయి. ముందు గోల్కొండలో, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో, ఆపైన పాతబస్తీ లాల్‌దర్వాజలో, ఒక్కో చోట ఒక్కో ఆదివారం. అన్ని బస్తీల్లో ఒకేరోజు బోనమెత్తితే అక్క ఇంటికి చెల్లెలు, చెల్లెలింటికి అక్క వెళ్ళే దారే ఉండదు. ఊరి గ్రామదేవత జాతరకు రోజు పెట్టేటప్పుడు కూడా పెద్దలు పొలంపనుల తీరిక చూస్తారు, పెళ్ళయి వెళ్ళిన ఆడపిల్లలు రాగలరా లేదా అన్నదీ చూస్తారు.

తేదీ ఒక్కటి కాకపోతే కుటుంబాలు ఎంత ఇబ్బంది పడతాయో అమెరికాలో 1939లో తెలిసొచ్చింది. థ్యాంక్స్‌గివింగ్ అక్కడ నవంబరు చివరి గురువారం జరిగేది. ఆ ఏడాది నవంబరులో ఐదు గురువారాలు పడ్డాయి. క్రిస్మస్ కొనుగోళ్ళకు రోజులు తగ్గిపోతున్నాయని వర్తకులు మొత్తుకోవడంతో అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పండుగను వారం ముందుకు, 23వ తేదీకి జరిపారు. దాదాపు సగం రాష్ట్రాలు కొత్త తేదీని ఒప్పుకున్నాయి, మిగతా సగం 30నే పట్టుకున్నాయి, టెక్సస్ లాంటివి రెండు రోజులూ సెలవిచ్చాయి. పక్క రాష్ట్రంలో పనిచేసే కొడుక్కి ఒక గురువారం సెలవైతే తల్లిదండ్రుల ఊళ్ళో ఇంకో గురువారం పండుగ. ఈ గందరగోళం రెండేళ్ళు సాగాక 1941లో అమెరికన్ కాంగ్రెస్ నాలుగో గురువారాన్ని చట్టంగా ఖాయం చేసింది. కుటుంబం తనకు తానుగా తేదీ మార్చుకోవడం వేరు, పైవాళ్ళు మార్చి సగం మందికే చెప్పడం వేరు.

కాలం కాని కాలపు పండుగల్లో లోకమంతా ఎరిగినది జులై క్రిస్మస్. ఫ్రెంచి స్వరకర్త జూల్ మాస్నే రాసిన 'వెర్తెర్' ఒపెరా 1892లో వియన్నాలో మొదటిసారి ప్రదర్శితమైంది. దాని తొలి దృశ్యంలో భార్య పోయిన ఒక అధికారి జులై నెలలోనే తన పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని క్రిస్మస్ పాట నేర్పిస్తుంటాడు, స్నేహితులు ఆటపట్టిస్తుంటారు. కథ క్రిస్మస్ ముందురోజు రాత్రి విషాదంగా ముగుస్తుంటే బయట పిల్లలు పాడేది ఆ పాటే. నిజజీవితంలో పేరుకెక్కిన తొలి వేడుక 1933 నాటిది. ఉత్తర కరోలినాలోని బ్రెవర్డ్‌లో ఆడపిల్లల వేసవి శిబిరం కీస్టోన్ క్యాంప్‌లో జులై 24, 25 తేదీల్లో చెట్టు అలంకరించి, మంచుకు బదులు దూది పరిచి క్రిస్మస్ చేశారు. 1940లో ప్రెస్టన్ స్టర్జెస్ తీసిన సినిమా 'క్రిస్మస్ ఇన్ జులై' ఆ మాటను ఇంటింటికీ చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధంలోకి అమెరికా దిగాక దానికి బరువైన అర్థం ఏర్పడింది. సముద్రాల అవతల ఉన్న సైనికులకు డిసెంబరు నాటికి పార్సిల్ అందాలంటే ఇంట్లోవాళ్ళు సెప్టెంబరు, అక్టోబరుల్లోనే టపాలో వేయాలి. అందుకని 1944లో తపాలా శాఖ, సైన్యం కలిసి జులై నుంచే ప్రచారం మొదలుపెట్టాయి. తల్లులు మండుటెండల్లో కూర్చుని కొడుకుల కోసం క్రిస్మస్ మూటలు కట్టారు.

భూమధ్యరేఖకు దక్షిణాన జులై క్రిస్మస్‌కు ఇంకో కారణం ఉంది. ఆస్ట్రేలియాలో డిసెంబరు నడివేసవి. బయట 35 డిగ్రీల ఎండ కాస్తుంటే వంటింట్లో గంటల తరబడి ఓవెన్ వెలిగించి టర్కీ కోడిని కాల్చడం, వేడివేడి పుడ్డింగ్ తినడం ఐరోపా నుంచి వలస వచ్చినవారు మోసుకొచ్చిన అలవాటు. ఊరు మారింది, వంట మారలేదు. సిడ్నీకి పడమటన ఉన్న బ్లూ మౌంటెన్స్‌లో కటూంబా అనే పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,000 మీటర్ల ఎత్తున ఉంటుంది. జులై రాత్రుల్లో అక్కడ చలి ఎముకలు కొరుకుతుంది, అప్పుడప్పుడూ మంచూ పడుతుంది. 1980లో అక్కడి హోటల్లో దిగిన కొందరు ఐర్లండ్ అతిథులు ఆ చలి చూసి, సొంత ఊరి క్రిస్మస్ గుర్తొచ్చి, అలాంటి విందు పెట్టమని అడిగారు. హోటల్‌వాళ్ళు పెట్టారు. అదే యూల్‌ఫెస్ట్‌గా స్థిరపడి, చలికాలమంతా ఆ కొండల్లోని హోటళ్ళు నిండే వేడుకైంది. ఆస్ట్రేలియన్లు డిసెంబరు 25ను వదులుకోలేదు. ఆనాడు చర్చికి, సముద్రతీరానికి వెళతారు. చలిమంట, రోస్టు, పుడ్డింగ్ మాత్రం చలి ఉన్న నెలకు తరలివెళ్ళాయి. పండుగలో ఏ భాగం ఏ రుతువుదో ఇంత స్పష్టంగా విడదీసి చూపే ఉదాహరణ మరొకటి దొరకడం కష్టం.

తెలుగు క్రైస్తవులు ఇదే పని ఇంత దూరం జరపకుండా చేసుకున్నారు. డిసెంబరు మొదలైందంటే చాలు, చర్చిల్లో, బడుల్లో, ఆఫీసుల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలవుతాయి. 25వ తేదీ ఉదయం ఎవరి సంఘంలో వాళ్ళు ఆరాధనకు ఉండాలి. పాస్టరు ఇంటివాళ్ళయితే ఊరు దాటే ప్రశ్నే లేదు. అందుకని క్యారల్స్, కేకు కోయడం, పిల్లల నాటిక, అందరికీ బిర్యానీ ముందే జరిగిపోతాయి. ఇరుగుపొరుగు హిందువులను, ముస్లింలను పిలుచుకునే పండుగా అదే. అసలు రోజున రాలేని అన్నదమ్ములు, మేనత్తలు వచ్చేదీ చాలా ఇళ్ళలో దానికే.

అమెరికాలోని తెలుగు కుటుంబాలకు పండుగంటే శనివారం. జనవరి 14 బుధవారం పడితే పిల్లలకు బడి, పెద్దలకు ఆఫీసు. జనవరి మూడో సోమవారం మార్టిన్ లూథర్ కింగ్ స్మారక సెలవు కావడంతో ఆ మూడు రోజులు సంక్రాంతికి బాగా కలిసొస్తాయి. బొమ్మల కొలువు, ముగ్గుల పోటీ, భోగిపళ్ళు అన్నీ అప్పుడే. రేగుపళ్ళు దొరక్క క్రాన్‌బెర్రీలు పోసే తల్లులున్నారు. 1977లో పుట్టిన ఉత్తర అమెరికా తెలుగు సంఘం (తానా) రెండేళ్ళకోసారి జరిపే మహాసభలు జులై మొదట్లో, అమెరికా స్వాతంత్ర్య దినోత్సవ సెలవులకు అటూ ఇటూగా వస్తాయి. వేర్వేరు రాష్ట్రాల్లో స్థిరపడ్డ బంధువులు కలుసుకోవడానికి అదొక సందర్భం.

సొంత ఊళ్ళో వేసవి సంక్రాంతి కథ వేరు. అమెరికా బడులకు జూన్ నుంచి, గల్ఫ్ బడులకు జులై, ఆగస్టుల్లో సెలవులు. అప్పుడు వచ్చిన మనవలకు సంక్రాంతి చూపించాలంటే ప్రకృతి సగమే సహకరిస్తుంది. కొత్త బియ్యం ఉండవు, పాత బియ్యంతో పొంగలి అంత జిగురుగా రాదు. చెరకు గడలు, బంతిపూలు వెతుక్కోవాలి. రేగుపళ్ళ కాలం ఎప్పుడో అయిపోయింది. నేరేడుపళ్ళు ఉన్నాయి గానీ పసిపిల్ల పట్టుగౌను మీద ఆ మరక పడితే వదలదు. వాకిట్లో వేసిన ముగ్గును తొలకరి జల్లు తుడిచేస్తుంది. హరిదాసు, గంగిరెద్దులవాళ్ళు ధనుర్మాసంలోనే వస్తారు, వాళ్ళను జూన్‌లో రమ్మనడం ఎవరి చేతిలోనూ లేదు. బదులుగా జనవరిలో దొరకనివి కొన్ని దొరుకుతాయి. అరిటాకులో బంగినపల్లి ముక్క, జాడీలోంచి అప్పుడే తీసిన కొత్త ఆవకాయ ఉంటాయి.

ఏ కాలంలోనైనా తేగలిగేది అరిసెల పొయ్యి. బియ్యం ఒక రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి ఆరకముందే మర పట్టించి జల్లించాలి. ఎండాకాలం ఆ తడి ఇట్టే ఆరిపోతుంది కాబట్టి పిండిని గిన్నెలో అదిమి తడిగుడ్డ కప్పుతారు. పొయ్యి మీద బెల్లం ఉడుకుతుంటే పెద్దావిడ ఒక చుక్క తీసి నీళ్ళ గిన్నెలో వేసి వేళ్ళతో చూస్తుంది. ఉండ కట్టిందంటే గిన్నె దించాల్సిందే. లేతపాకమైతే అరిసె నూనెలో విచ్చుకుపోతుంది, ముదిరితే పళ్ళకు పని. దించిన వెంటనే ఒకరు పిండి పోస్తుంటే ఇంకొకరు తెడ్డుతో బలంగా కలపాలి. ఆ తెడ్డు పని మగవాళ్ళు అందుకుంటే నయం. తర్వాత ఉండలు చేసేవారు, ఆకు మీద తట్టేవారు, నూనెలో వేసేవారు, తీసి రెండు చెక్కల మధ్య నూనె కారేలా నొక్కేవారు. ఒంటిచేత్తో అయ్యే వంట కాదిది. అందుకే పదిమంది చేరినప్పుడే ఇంట్లో అరిసెలు వండుతారు, అత్త చేతి పాకం కోడలికి, మనవరాలికి పట్టుబడేది కూడా ఆ పూటే. ఊరి దుకాణంలో అరిసెలు ఏడాది పొడుగునా దొరుకుతాయి, కానీ పాకం చూడటం కొనుక్కుంటే రాదు.

ఇలాంటి పండుగలు చప్పబడిపోయే సందర్భాలూ ఉన్నాయి. విమానం టిక్కెట్టు కొన్నవాళ్ళకు అనువైన రోజే ఖాయమై, ఊళ్ళో ఉన్న తమ్ముడి నాట్లు ఆగిపోతే ఆ ఇంట్లో నవ్వులుండవు. ఏటా ఒకే ఇద్దరు ఆడవాళ్ళ మీద వంటంతా పడితే మూడో ఏడు వాళ్ళే వద్దంటారు. 'ఎలాగూ అసలు పండుగ కాదుగా' అని కొత్తబట్టలు, తలంటు మానేస్తే పిల్లలకు అది ఇంకో ఆదివారం భోజనం అవుతుంది. పిల్లలు తేదీ పట్టించుకోరు గానీ తంతు మాత్రం గుర్తుపెట్టుకుంటారు. తెల్లవారుజామున లేపి తలంటు పోసి, పెద్దవాళ్ళ కాళ్ళకు దండం పెట్టించి, ఎవరికి ఎవరు ఏమవుతారో చెప్పిస్తేనే వాళ్ళకది పండుగ.

ఈ పద్ధతిని ఏళ్ళ తరబడి సాగిస్తున్న కుటుంబాల్లో సాధారణంగా కొన్ని ఏర్పాట్లు కనిపిస్తాయి. జులై రెండో శనివారం లాంటి రోజు ఒకటి ముందే అనుకుంటారు, ఏ ఏడాదికి ఆ ఏడాది వెతుక్కోరు. ఖర్చు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు పంచుకుంటారు. వియ్యాలవారికి కబురు పెద్దవాళ్ళే స్వయంగా చెబుతారు, లేకపోతే ఆ వైపు నుంచి మాట వస్తుంది. జనవరిలో అసలు తేదీ వచ్చినప్పుడు ఊళ్ళో ఉన్నవాళ్ళు పూజ, తర్పణం, పొంగలి ఎప్పటిలాగే చేసుకుంటారు. దూరాన ఉన్నవాళ్ళు ఫోన్లో చూస్తారు. రెండింటిలో ఏది పెద్ద పండుగన్న వాదన మొదట్లో వస్తుంది. రెండూ నడుస్తున్న ఇళ్ళలో కొన్నేళ్ళకు ఆ వాదన ఎవరికీ గుర్తుండదు.