చెప్పుకోలేని దురద... పట్టు వదలని ఈస్టు!

గద్వాల పత్తి విత్తన చేలల్లో పొద్దున్నే క్రాసింగ్ పనికి వెళ్లిన ఆడవాళ్లు ఇల్లు చేరేసరికి ఒళ్లంతా చెమటే. వనపర్తి, నాగర్ కర్నూలు వైపు నాట్ల రోజుల్లో తడి చీరతోనే గంటలు గడిచిపోతాయి. ఆ పనుల మధ్య జననాంగం దగ్గర దురద, మంట మొదలైతే ఎవరితో చెప్పుకుంటారు? అత్తకు చెప్పలేరు. భర్తకు చెబితే 'ఎక్కడి నుంచి తెచ్చుకున్నావ్' అంటాడేమోనని భయం. ఆఖరికి మందుల షాపులో సగం సగం చెప్పి తెచ్చుకున్న రెండు యాంటీబయాటిక్ మాత్రలు... అవి ఒక్కోసారి జబ్బును ఇంకా పెంచుతాయి!

ముందుగా ఒక మాట. ఇది తప్పు చేస్తే వచ్చే జబ్బు కాదు. ప్రతి నలుగురు స్త్రీలలో ముగ్గురికి జీవితంలో ఒక్కసారైనా వస్తుందని వైద్యుల అంచనా. కారణం క్యాండిడా ఆల్బికాన్స్ అనే ఈస్టు. కల్లును పులియబెట్టే ఈస్టుకు దూరపు చుట్టం. చాలామంది ఆరోగ్యవంతుల నోట్లో, పేగుల్లో, యోనిలో అది చడీచప్పుడు లేకుండా ఉంటుంది. అక్కడే లాక్టోబాసిల్లై అనే మంచి బ్యాక్టీరియా కాపలా కాస్తుంటుంది. పాలను తోడుపెట్టే బ్యాక్టీరియాకు ఇవి దగ్గరి బంధువులే.

ఎలా అంటుకుంటుంది?

ఈస్టు కణం గోడ మీద అతుక్కునే ప్రొటీన్లుంటాయి. పొలం గట్టున నడిస్తే ఉత్తరేణి గింజలు చీరకు పట్టుకున్నట్టు, ఇవి లోపలి పొరలోని కణాలను పట్టుకుంటాయి. అదను దొరికితే గుండ్రటి ఈస్టు దారంలా సాగుతుంది. ఆ దారం మీద హెచ్‌డబ్ల్యూపీ-1 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని మన శరీరంలోని ఎంజైమే మన కణానికి ముడివేస్తుందని 1999లో నోటి కణాల మీద చేసిన పరిశోధనలో తేలింది. నూలు చీరకు పట్టు అంచును కలిపి నేసే గద్వాల నేతగాళ్ల కుప్పడం గుర్తొస్తుంది కదూ! సబ్బుతో ఎంత కడిగినా ఆ ముడి విడిపోదు. పైగా లోపలి దాకా కడిగితే కాపలా బ్యాక్టీరియాకే చేటు.

పట్టు దొరికాక దారాలు క్యాండిడాలైసిన్ అనే విషాన్ని వదిలి కణాలకు చిల్లులు పెడతాయి. ఈ విషాన్ని కనుక్కున్నది 2016లో, ఈ మూడు పట్టణాలూ జిల్లా కేంద్రాలైన ఏడాదే. దాన్ని ఎదుర్కోవడానికి తెల్లరక్తకణాలు గుంపుగా వచ్చిపడతాయి. ఎరుపు, వాపు, మంటల్లో చాలా భాగం ఆ పోరాటం వల్లే.

మరి కాపలా ఎప్పుడు సడలుతుంది? షుగరు అదుపులో లేనప్పుడు, గర్భిణిగా ఉన్నప్పుడు, యాంటీబయాటిక్స్ వాడినప్పుడు. చివరిదానికో మనవాళ్ల కథ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని లెడర్లీ ప్రయోగశాల 1948లో ఆరియోమైసిన్‌ను లోకానికిచ్చింది. లక్షల ప్రాణాలు నిలిపిన మందుల వరుస అది. అయితే అలాంటి మందులు మంచి బ్యాక్టీరియానూ చంపడంతో ఈస్టు జబ్బులు పెరిగాయి. 1950లో ఎలిజబెత్ హేజెన్, రేచల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు దానికి విరుగుడుగా నిస్టాటిన్ కనిపెట్టారు.

తెల్లబట్ట అయితే చాలు జబ్బేనని కంగారుపడొద్దు. నెలసరి మధ్యలో కొద్దిగా అవడం మామూలే. విరిగిన పాలలా ముద్దలుగా, వాసన లేకుండా, విపరీతమైన దురదతో అయితే ఈస్టును అనుమానించాలి. చేపల వాసన, పచ్చరంగు ఉంటే అది వేరే ఇన్ఫెక్షన్ కావచ్చు, మందూ వేరే. జ్వరం, పొత్తికడుపు నొప్పి కూడా ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఈస్టుకు సాధారణంగా క్లోట్రిమజోల్ లోపల పెట్టుకునే బిళ్లలో, ఫ్లూకోనజోల్ మాత్రో రాస్తారు. ఫ్లూకోనజోల్‌ను గర్భిణులు సొంతంగా మింగకూడదు. భర్తకు ఏ బాధా లేకపోతే ఆయనకు మందు అక్కర్లేదు. ఏడాదిలో మూడు నాలుగుసార్లు తిరగబెడితే షుగరు పరీక్ష చేయించుకోవాలి.

2022లో వనపర్తి, నాగర్ కర్నూలులో, 2024లో గద్వాలలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. గాజు పలక మీద కాస్త స్రావం, దాని మీద చుక్క మందు వేసి మైక్రోస్కోపులో చూస్తే చాలాసార్లు ఆ దారాలు కనిపిస్తాయి, నిమిషాల్లో.